ఇదాల్గో అంటే జమీందారు కాదు

16వ శతాబ్దంలో స్పెయిన్‌లోని కాస్తీల్ రాజ్యపు పల్లె ఒకటి ఊహించుకుందాం. ఊళ్ళో యాభై కాపురాలు. ఆ ఏడు ఊరంతా కలిసి రాజుకు కట్టాల్సిన పన్ను 10,000 మరవేదీలని తేలింది (మరవేదీ అప్పటి లెక్క నాణెం). సమంగా పంచుకుంటారనుకుంటే ఇంటికి 200. ఇంతలో పది ఇళ్ళవాళ్ళు ముందుకొచ్చి, 'మేము ఇదాల్గోలం, మాకు ఈ పన్ను వర్తించదు' అన్నారు. ఊరు కట్టాల్సిన మొత్తం మాత్రం ఒక్క మరవేదీ కూడా తగ్గదు. మిగిలిన నలభై ఇళ్ళ మీద తలా 250 పడుతుంది.

ఇదాల్గో అనే మాట బరువంతా ఈ లెక్కలోనే ఉంది. నిఘంటువులు 'చిన్న స్థాయి కులీనుడు' అని అర్థం చెప్పి ఊరుకుంటాయి. అది తప్పు కాదు, కానీ చాలదు. ఇదాల్గోకు భూములుండాలన్న నియమం లేదు. బిరుదు ఉండదు. చేతికింద పదిమంది ఉండాలనీ లేదు. ఉండాల్సింది ఒక్కటే: పన్ను కట్టేవాళ్ళ జాబితాలో తన పేరు లేకపోవడం, తండ్రి నాడూ తాత నాడూ కూడా లేకపోవడం. ఈ సంగతి వదిలేస్తే ఆ మాట ఏ భాషలోకి వెళ్ళినా వేరే మనిషి వేషం వేసుకునే వెళ్తుంది. నాలుగు వందల ఏళ్ళుగా చాలా భాషల్లో జరిగింది అదే. తెలుగులో కూడా 'జమీందారు' అనో 'దొర' అనో రాస్తే జరిగేది అదే.

కలవారి బిడ్డ

మధ్యయుగపు కాస్తీలియన్‌లో ఈ మాట రూపం 'ఫిజో దాల్గో'. 'ఫిజో' అంటే కొడుకు, లాటిన్ 'ఫీలియుస్' నుంచి వచ్చింది. 'ఆల్గో' అంటే నేటి స్పానిష్‌లో 'ఏదో కొంత'. దాంతో 'ఏదో ఒకదాని కొడుకు' అనే విడ్డూరమైన అర్థం చాలా చోట్ల కనిపిస్తుంది. అప్పట్లో ఆల్గోకు ఆస్తి, కలిమి, మేలు అనే అర్థాలు కూడా ఉండేవి. మన 'కలవారి బిడ్డ' అన్న పలుకుబడి దీనికి దాదాపు సరిగ్గా అతుకుతుంది. 13వ శతాబ్దంలో పదవ అల్ఫోన్సో రాజు కూర్పించిన న్యాయగ్రంథం 'సియెతే పర్తీదాస్' రెండో భాగం 21వ శీర్షికలో ఈ మాటను 'మేలు బిడ్డలు' అని వివరిస్తూ, ఇది వంశం వల్ల వచ్చే గౌరవమని చెబుతుంది. అంతకు ముందే లెయోన్ ప్రాంతపు లాటిన్ పత్రాల్లో 'మంచి పుట్టుక గలవారి బిడ్డలు' అనే పదబంధం వాడుకలో ఉంది. రెంటి ఊహా ఒకటే.

గుణాన్నో స్థితినో 'ఫలానాదాని కొడుకు' అని చెప్పడం మనకు వింత కాదు. సంస్కృతంలో కులపుత్రుడు ఉన్నాడు, రాజపుత్రుడి నుంచి రాజ్‌పుత్ అనే జాతి పేరే వచ్చింది. అరబ్బీలో బాటసారిని 'దారి కొడుకు' అంటారు. స్పెయిన్ చరిత్రకారుడు అమేరికో కాస్త్రో ఇదాల్గో అనే మాట నిర్మాణంలోనూ అరబ్బీ పద్ధతి ఉందని వాదించాడు. ఆ వాదన అందరూ ఒప్పుకున్నది కాదు. లాటిన్ పత్రాల్లోని పదబంధం దగ్గరగా కనబడుతుండగా అరబ్బీ దాకా వెళ్ళాల్సిన అవసరం తక్కువ. 'గోతు జాతివాడి కొడుకు' అన్న పాత వ్యుత్పత్తి మాత్రం వంశగర్వం కోసం అల్లిన కథ. దాన్ని పట్టించుకోనక్కరలేదు.

ఫిజో దాల్గోలోని ఫకారం ఎటు పోయిందో తెలిస్తే పోర్చుగీసు మాటతో చుట్టరికం కూడా తెలుస్తుంది. లాటిన్ మాటల మొదట్లోని ఫకారం కాస్తీలియన్‌లో హకారమైంది, ఆ హకారం కూడా ఉచ్చారణలో క్రమంగా మాయమై రాతలో మాత్రం మిగిలింది. పోర్చుగీసులో ఫకారం ఉన్నచోటే ఉంది. పిండి పోర్చుగీసులో 'ఫరీన్య', స్పానిష్‌లో 'అరీనా'. పొగ అక్కడ 'ఫూము', ఇక్కడ 'ఊమో'. తెలుగు, కన్నడం రెండూ తెలిసినవాళ్ళకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది: మన పాలు వాళ్ళకు హాలు, మన పులి వాళ్ళకు హులి, మన పూవు వాళ్ళకు హూవు. కన్నడం హకారం దగ్గర ఆగింది, కాస్తీలియన్ ఇంకో మెట్టు దిగి దాన్నీ మింగేసింది. కాబట్టి పోర్చుగీసు ఫిదాల్గు, స్పానిష్ ఇదాల్గో ఒకే మాటకు రెండు గొంతులు. న్యాయపత్రాల భాష మాత్రం పాతదనాన్ని వదల్లేదు. జనం నోట ఫకారం పోయాక కూడా గుమాస్తాలు చాలాకాలం 'ఫిజోదాల్గో' అనే రాశారు.

పన్ను చిట్టా, తాకట్టు, తీర్పు

కాస్తీల్ కులీనుల మెట్లలో పైన డ్యూకులు, మార్క్వెస్‌లు, కౌంట్లు, వాళ్ళలోనూ పైవరుస 'గ్రాందే'లు. వాళ్ళ కింద కవయ్యేరోలు, అంటే గుర్రం, హోదా రెండూ నిలబెట్టుకోగలిగినవాళ్ళు. అందరికన్నా కింద ఇదాల్గోలు. పేరు ముందు 'దోన్' పెట్టుకునే హక్కు కూడా వీళ్ళకు మామూలుగా లేదు.

హక్కులు మాత్రం గట్టివే. రాజుకు కట్టే ప్రత్యక్ష పన్ను పేరు 'పెచో', కట్టేవాడు 'పెచేరో'. ఇదాల్గోకు ఆ పన్ను లేదు. అప్పు తీర్చలేదని జైల్లో పెట్టకూడదు. ఇల్లు, గుర్రం, ఆయుధాలు జప్తు చేయకూడదు. కొన్ని ఘోర నేరాల్లో తప్ప చిత్రహింస పెట్టి విచారించకూడదు. కొరడా దెబ్బలు, ఓడల్లో తెడ్లు లాగే శిక్ష లేవు. ఊరి మీదికి సైన్యం వస్తే సిపాయిలకు ఇంట్లో బస ఇవ్వనక్కరలేదు. చాలా ఊళ్ళలో గ్రామ పదవుల్లో సగం వీళ్ళకే కేటాయించేవారు. ఊరి జనాభాలో ఇదాల్గోలు నలుగురే ఉన్నా సగం పదవులు వాళ్ళవే అవడంతో తగవులు తెగేవి కావు.

ఇదాల్గోల్లో రకాలు చాలా ఉన్నాయి. వాటి పేర్లు చూస్తేనే ఈ హోదా ఎంత పల్లెటూరి వ్యవహారమో తెలిసిపోతుంది. వంశం పుట్టిన ఇల్లు ఇదీ అని చూపించగలిగితే 'సొలార్ తెలిసిన ఇదాల్గో'. సొలార్ అంటే వంశపు ఇంటి స్థలం. తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు నలుగురి వైపు నుంచీ మచ్చ లేనివాడు 'నాలుగు పక్కల ఇదాల్గో'. రాజు ప్రత్యేకంగా ఇస్తే 'ప్రివిలేజు ఇదాల్గో', తరాల నాటి ఇదాల్గోలకు వీళ్ళంటే చిన్నచూపు. వరసగా ఏడుగురు మగపిల్లలు ధర్మపత్నికి పుడితే దక్కేది 'బ్రగేతా ఇదాల్గో' హోదా. బ్రగేతా అంటే లాగు ముందరి తెరుపు. అన్నిటికన్నా అర్థవంతమైన పేరు 'గొతేరా ఇదాల్గో'. గొతేరా అంటే చూరు నీళ్ళు. తన ఊరి చూరు కింద ఉన్నంతసేపే వాడు ఇదాల్గో. పొలిమేర దాటితే మామూలు పెచేరో.

అసలు చిక్కు కూడా పొలిమేర దాటినప్పుడే వచ్చేది. సొంత ఊళ్ళో తాతముత్తాతల సంగతి అందరికీ తెలుసు కాబట్టి అడిగేవాడు ఉండడు. పెళ్ళి చేసుకునో, బతుకుతెరువు కోసమో కొత్త ఊరికి వచ్చి స్థిరపడితే అక్కడి పంచాయతీ పెద్దలు వాణ్ణి పెచేరోల జాబితాలో రాసేస్తారు. మొదట చెప్పిన లెక్క ప్రకారం వాళ్ళకు అది అవసరం: ఒక పేరు తగ్గితే మిగిలినవాళ్ళ వాటా పెరుగుతుంది. పన్ను కట్టనంటే వసూలుదారు ఇంటికొచ్చి ఏదో ఒక సామాను తాకట్టుగా పట్టుకుపోతాడు. ఆ వస్తువు విలువ ఎంతన్నది ముఖ్యం కాదు. దాన్ని చూస్తూ ఊరుకుంటే పన్ను ఒప్పుకున్నట్టే, అంటే కొడుకులూ మనవలూ కూడా పెచేరోలైనట్టే. అందుకే ఓ పాత పళ్ళెం కోసం పై కోర్టు దాకా వెళ్ళేవారు.

ఆ పై కోర్టులు రెండు. తాహో నదికి ఉత్తరాన ఉన్నవాళ్ళు వయ్యదొలిద్ చాన్సిలేరియాకు, దక్షిణాన ఉన్నవాళ్ళు మొదట సియుదాద్ రెయాల్‌లో పెట్టి 1505లో గ్రనాదాకు మార్చిన చాన్సిలేరియాకు వెళ్ళాలి. రెండు చోట్లా ఇదాల్గోల వ్యాజ్యాలకే ప్రత్యేకంగా ఒక ధర్మాసనం ఉండేది. ఒక పక్క వాది, ఎదురుగా ఊరి పంచాయతీ, దానికి తోడు రాజు తరఫు న్యాయవాది, ఎందుకంటే నష్టం రాజుకు కూడా. కోర్టు ఒక అధికారిని వాది తాతల ఊరికి పంపుతుంది. అతను ముసలివాళ్ళను సాక్షులుగా పిలిచి అడుగుతాడు: ఇతని తాతను ఎరుగుదువా, పన్ను వసూలుకు వచ్చినప్పుడు ఆ ఇంటిని వదిలి వెళ్ళడం నువ్వు చూశావా, ఊళ్ళో అతను ఏ వరుసలో కూర్చునేవాడు? పెచేరోలు చెప్పే సాక్ష్యానికి విలువ ఎక్కువ, ఎందుకంటే అది వాళ్ళ సొంత లాభానికి ఎదురు. తర్వాత పాత పన్ను జాబితాలు తీసి పేర్లు చూస్తారు. ఈ జాబితాలను పద్రోన్‌లంటారు. ఏడేళ్ళకోసారి వసూలు చేసే 'మొనేదా ఫొరేరా' అనే పన్ను కోసం రాసిన పద్రోన్‌లు ఈ వ్యాజ్యాల్లో బాగా పనికొచ్చేవి.

ఎంత నిరూపించాలన్నది 1492లో రాజశాసనం తేల్చింది: తను, తండ్రి, తాత మూడు తరాలూ ఇదాల్గోలుగా చలామణి అయినట్టు, ఇరవై ఏళ్ళ నిరంతర అనుభవంతో చూపించాలి. గెలిస్తే 'కార్తా ఎహెకుతోరియా' అనే తీర్పు పత్రం చేతికొస్తుంది. తోలు కాగితం మీద అందమైన రాత, మొదటి పుటల్లో రంగుల బొమ్మలు, వంశ చిహ్నం, మఖమల్ అట్ట, దారానికి వేలాడే సీసపు ముద్ర. నేటికీ పాతవస్తువుల వేలంపాటల్లో కనిపించేవి ఇవే. ఆ బొమ్మల ఖర్చు, సాక్షుల ఖర్చు, ఏళ్ళ తరబడి కోర్టు ఖర్చు అన్నీ వాది నెత్తినే. కాబట్టి నిజంగా ఇదాల్గో అయిన పేదవాడు నిరూపించుకోలేక పెచేరోగా మిగిలిపోవడం, డబ్బున్న పెచేరో సాక్షులను కూడగట్టి ఇదాల్గోగా తేలడం రెండూ జరిగాయి. పన్ను వసూళ్ళలో అలాంటి డబ్బున్నవాడు తప్పుకోవడమే ఊరికి ఎక్కువ దెబ్బ.

ఊరి జనమంతా పన్ను నుంచి మినహాయింపు పొందిన నగరాల్లో ఇంకో ఇబ్బంది. ఎవరూ కట్టకపోతే కట్టనివాడి ప్రత్యేకత ఎలా తెలుస్తుంది? సెవియ్యేలో దీనికి ఒక ఏర్పాటు ఉండేది. మాంసం కొన్నప్పుడు అందరి దగ్గరా 'బ్లాంకా' అనే చిన్న నాణెం సుంకంగా తీసుకుని, ఇదాల్గోలని రుజువైనవాళ్ళకు తర్వాత తిరిగి ఇచ్చేవారు. తిరిగొచ్చే చిల్లర లెక్కలోకి రానంత తక్కువ. ఆ చిల్లర పుచ్చుకున్నట్టు ఉన్న చిట్టా మాత్రం వంశానికి రుజువు పత్రం. అందుకే ధనవంతులు కూడా దాన్ని అడిగి మరీ తీసుకునేవారు.

1591 లెక్కల నాటికి కాస్తీల్ కాపురాల్లో దాదాపు పదోవంతు ఇదాల్గోలవి. అన్ని చోట్లా ఒకేలా లేవు. ఉత్తరాన అస్తూరియాస్, కాంతాబ్రియా కొండల్లో ఎటు చూసినా వాళ్ళే, దక్షిణాన అందలుసీయాలో చాలా తక్కువ. 1768 జనాభా లెక్కల్లో స్పెయిన్ అంతటా సుమారు 7.2 లక్షలమంది, 1787లో 4.8 లక్షలు, 1797లో 4 లక్షలు. ముప్ఫై ఏళ్ళలో లక్షలమంది చచ్చిపోలేదు, ప్రభుత్వం రుజువులు గట్టిగా అడగడం మొదలుపెట్టింది, అంతే. ఈ మధ్యలోనే 1783లో మూడవ కార్లోస్ రాజు తోలు పని, కమ్మరం, కుట్టు పని, చెప్పులు కుట్టడం, వడ్రంగం గౌరవమైన వృత్తులేననీ, వాటివల్ల ఇదాల్గో హోదా పోదనీ ఉత్తర్వు ఇచ్చాడు. చేత్తో పని చేస్తే పరువు పోతుందన్న భయం ఎంత లోతుకు దిగిందో ఆ ఉత్తర్వు అవసరం పడటమే చెబుతుంది. 1830ల్లో ఉదారవాద ప్రభుత్వాలు వచ్చి ఈ హోదాకు చట్టంలో చోటు లేకుండా చేశాయి. నేటి స్పానిష్‌లో ఆ మాట ఉదారుడు, పెద్ద మనసున్నవాడు అనే విశేషణంగా బతికే ఉంది. దాని భావనామం ఇదల్గీయా అంటే ఇప్పుడు ప్రధానంగా ఔదార్యం.

అందరూ ఇదాల్గోలే అయినప్పుడు

ఉత్తరాన బాస్క్ ప్రాంతమైన విస్కాయాలో 1526 నాటి ధర్మశాసనం అక్కడ పుట్టినవాళ్ళందరినీ ఇదాల్గోలుగా గుర్తించింది. బొగ్గు కాల్చేవాడు, ఓడ చెక్కేవాడు, పశువులు కాసేవాడు అందరూ. దక్షిణాది పెద్దింటివాళ్ళకు ఇది మింగుడు పడేది కాదు, అయినా చట్టం చట్టమే. బాస్క్ భాష దీనికి సొంత మాట చేసుకుంది: 'ఐతొనెన్ సెమె', అంటే మంచి తండ్రుల కొడుకు. మళ్ళీ అదే 'మేలు బిడ్డ' ఊహ. కాలక్రమంలో ఆ మాట 'ఐతొరెన్ సెమె'గా మారింది. 19వ శతాబ్దపు రచయిత ఒగుస్తాఁ షాహో దాన్ని 'ఐతోర్ అనేవాడి కొడుకు' అని చదివాడు. 1845లో బాస్క్ జాతికంతటికీ మూలపురుషుడుగా ఐతోర్ అనే మనిషిని సృష్టించి కథ రాశాడు. అలాంటి పురుషుడు ఏ జానపద గాథలోనూ లేడు, పుట్టింది మాట విరుపులోని పొరపాటు నుంచి. ఇప్పుడు బాస్క్ మగపిల్లలకు ఐతోర్ చాలా మామూలు పేరు. చిన్న కులీనుడికి చెప్పిన మాట ఒక జాతి తాతగా మారడం భాషల చరిత్రలో అరుదు.

సముద్రం దాటాక ఇంకో మార్పు. 1573లో రెండవ ఫెలీపే రాజు కొత్త ఊళ్ళు కట్టడానికి ఇచ్చిన నిబంధనల్లో, అమెరికాలో ఊరు స్థాపించి నిలిచినవాళ్ళనూ వాళ్ళ వారసులనూ 'సొలార్ తెలిసిన ఇదాల్గోలు'గా గుర్తిస్తామన్నాడు. స్పెయిన్‌లో వంశపు ఇల్లు చూపిస్తే దక్కేది అక్కడ కొత్త ఇల్లు కడితే దక్కింది. 1697 ఉత్తర్వు స్థానిక తెగల నాయకుల వారసులకు కూడా కాస్తీల్ ఇదాల్గోలతో సమాన గౌరవం చెప్పింది. కానీ అమెరికాలో తలపన్ను కట్టేది ప్రధానంగా స్థానిక జనం. స్పెయిన్‌వాడు ఇదాల్గో అయినా కాకపోయినా కట్టడు. పన్ను తేడా పోయేసరికి మాటకు పునాది కూడా పోయి, గౌరవవాచకం ఒక్కటే మిగిలింది.

ఇంటిపేరుగా అది అమెరికాలో బాగా పాతుకుపోయింది. మెక్సికో స్వాతంత్ర్య పోరాటం మొదలుపెట్టిన మతగురువు మిగెల్ ఇదాల్గో పేరు మీద 1869లో ఒక రాష్ట్రమే ఏర్పడింది, రాజధాని పచూకా. మెక్సికో, అమెరికా యుద్ధాన్ని ముగించిన 1848 ఒప్పందం జరిగిన గ్వాదలూపె ఇదాల్గో పట్టణం పేరూ ఆయనదే. 1920లో వాల్టర్ బాడె కనుగొన్న 944వ గ్రహశకలం పేరూ ఆయనదే. ఆయన బొమ్మ ఉన్న పది పెసోల బంగారు నాణేన్ని కూడా ఇదాల్గో అనేవారు. అందుకే జర్మన్ నిఘంటువులో ఈ మాట కింద కులీనుడు ఒక అర్థం, మెక్సికో నాణెం ఇంకో అర్థం. ఇవన్నీ ఒక వ్యక్తి ఇంటిపేరు నుంచి వచ్చినవి, హోదా నుంచి వచ్చినవి కావు. అనువాదంలో ఈ రెంటినీ కలిపేయడం మామూలుగా జరిగే పొరపాటు.

పోర్చుగీసు ఫిదాల్గు దారి వేరు. అక్కడ కొలమానం పన్ను జాబితా కాదు, రాజుగారి ఇంటి పుస్తకం. రాజగృహంలో నమోదైనవాళ్ళకు 'మొరదీయా' అనే నెలసరి భృతి ఉండేది. హోదా మెట్లు కూడా ఆ పుస్తకంలోవే: మోసు ఫిదాల్గు, ఫిదాల్గు ఎష్కుదేయిరు, ఫిదాల్గు కవలేయిరు. స్పెయిన్‌లో జాబితాలో పేరు లేకపోతే గౌరవం, పోర్చుగల్‌లో పుస్తకంలో పేరు ఉంటే గౌరవం. అందుకే ఫిదాల్గు అంటే పెద్ద ప్రభువుల దాకా విస్తరించింది, ఇదాల్గో కింది మెట్టుకు కుదించుకుపోయింది. రెండూ ఒకటే మాట కదా అని ఒకదాని బదులు ఒకటి వాడితే హోదా తారుమారవుతుంది.

ఫిదాల్గులు మన దేశానికే వచ్చారు. గోవాలో పోర్చుగీసు అధికారం నడిపింది వాళ్ళే. కోటల పెత్తనాలు, ఓడల నాయకత్వం మూడేళ్ళ వంతున వాళ్ళకు దక్కేవి. 1583 నుంచి 1588 దాకా గోవాలో ఉన్న డచ్చివాడు లిన్స్‌ఖోటెన్ ఈ మెట్లన్నిటినీ పేర్లతో రాశాడు. 1608 ప్రాంతంలో అక్కడికి చేరిన ఫ్రెంచివాడు పిరార్, మామూలు సిపాయిలు కొందరు కలిసి ఒకే ఇంట్లో ఉంటూ, ఉన్న రెండు మూడు జతల పట్టుబట్టలను వంతులవారీగా వేసుకుని వీధిలో ప్రభువుల్లా తిరిగేవారని వర్ణించాడు. పోర్చుగీసు నుంచి తెలుగులోకి బొత్తాం వచ్చింది, తువ్వాలు వచ్చింది, బీరువాకు అలమారా వచ్చింది, పనివాళ్ళ పెద్దకు మేస్త్రి వచ్చింది, చర్చి గురువుకు పాదిరి వచ్చింది. ఫిదాల్గు మన నోట నిలవలేదు. తీరంలో మన జనం కొన్నది వాళ్ళ సామాను, నేర్చుకున్నది వాళ్ళ పనితనం. వాళ్ళ హోదాలతో మనకు పని పడలేదు.

అట్ట మీది పేరు

ఈ మాటను లోకమంతా తిప్పింది 1605లో వచ్చిన సెర్వాంతెస్ నవల, తనను తాను సంచార వీరుడిగా ఊహించుకుని బక్క గుర్రమెక్కి బయల్దేరిన పల్లెటూరి మనిషి కథ. దాని శీర్షికలో దోన్ కిహోతే, మనం డాన్ క్విక్సోట్ అనే మనిషి, ఇదాల్గో. 1615లో వచ్చిన రెండో భాగం శీర్షికలో కవయ్యేరో. ఈ తేడా కావాలని చేసిందే. రెండో భాగం మొదట్లో అతని సేవకుడు సాంచో ఊరి మాటలు మోసుకొస్తాడు: నాలుగు ద్రాక్ష తీగలు, రెండరకల భూమి పెట్టుకుని దోన్ తగిలించుకుని కవయ్యేరో అయిపోయాడని ఇదాల్గోలు గొణుగుతున్నారట. అంటే తన మెట్టు దాటినందుకు సాటివాళ్ళ కోపం. ఇదాల్గో అన్న మాట కచ్చితంగా పడితే తప్ప ఈ కోపం పాఠకుడికి అందదు.

ఆ మాటను అనువాదకులు ఏం చేశారు? 1612 ఇంగ్లీషు అనువాదంలో థామస్ షెల్టన్ అట్ట మీదే 'సంచార వీరుడు' అని వేశాడు. ఆ మనిషి తన గురించి కన్న కలను అతని అసలు హోదాగా ప్రకటించేశాడన్నమాట, కథకు ప్రాణమైన ఎడం మొదటి పుటలోనే పోయింది. 1742లో జార్విస్ 'జెంటిల్‌మన్' అన్నాడు, ఆ తర్వాతి ఇంగ్లీషు అనువాదాలు ఎక్కువగా అదే దారి పట్టాయి. మర్యాద విషయంలో అది కుదురుతుంది. కానీ ఇంగ్లీషు జెంటిల్‌మన్‌కు పుట్టుకతో పన్ను మినహాయింపు లేదు. 1622 ఇటాలియన్ అనువాదంలో ఫ్రాంచోసీని 'చిత్తదీనో', అంటే పౌరుడు, అని రాశాడు. పైకి వింతగా ఉంది గానీ, ఫ్లోరెన్స్‌లో ఆ మాట పాలక పదవులకు అర్హత ఉన్న కుటుంబాలకు చెల్లేది. తన పాఠకులకు తెలిసిన కింది మెట్టు గౌరవం ఏదో వెతికి పెట్టాడు, ఆలోచించి చేసిన ఎంపికే. జర్మన్‌లో చాలాకాలం 'యుంకర్'. ఆ మాట వినగానే పెద్ద కమతాలు, పాలేర్లు గుర్తొస్తారు, బక్క గుర్రం మనిషి గుర్తురాడు. 2008లో సుజానే లాంగె చేసిన జర్మన్ అనువాదం హిడాల్గో అనే ఉంచింది. ఫ్రెంచిలో 1836లోనే వియార్దో ఆ పని చేశాడు. ఫ్రెంచి కులీనులకు కూడా పన్ను మినహాయింపు ఉండేది కాబట్టి సమానమైన మాట దొరికేదే, అయినా మాటను అలాగే ఉంచడం మేలనుకున్నాడు. తర్వాత ఫ్రెంచిలో ఆ మాట స్పెయిన్ పోలికలున్న దర్జా మనిషి అనే వాడుకలోకి జారిపోయింది.

సమాజం పోలికలో అందరికన్నా దగ్గరగా వచ్చేది పోలిష్ మాట 'ష్లాఖ్చిత్స్'. అక్కడ కూడా జనంలో చెప్పుకోదగ్గ భాగం కులీనులే, వాళ్ళలో సెంటు భూమి లేనివాళ్ళూ ఉండేవారు. జపనీస్ అనువాదాల్లో 'గోషి' కనిపిస్తుంది, పల్లెలో కాపురముండే కింది స్థాయి సమురాయ్ అన్నమాట. ఈ రెండు ఎంపికలూ చక్కగా ఉన్నాయి. రష్యన్ నేరుగా 'ఇదాల్గో' అని శబ్దాన్నే తీసుకుంది. ఇంగ్లీషేమో స్పానిష్ రాతను తీసుకుని, పలకని హకారాన్ని పలికి, హిడాల్గో చేసుకుంది.

తెలుగు పత్రికల్లో కనిపించే హిడాల్గో ఇంగ్లీషు మీదుగా వచ్చిందే. స్పానిష్ ఉచ్చారణకు దగ్గర కావాలంటే ఇదాల్గో. హకారం ఉండదు, డకారం కాదు దకారం, ఊనిక 'దా' మీద. స్త్రీకి ఇదాల్గా. బహువచనానికి మన 'లు' చేర్చి ఇదాల్గోలు అంటే చాలు, 'ఇదాల్గోస్‌లు' అంటే రెండు బహువచనాలవుతాయి. ఫ్రాన్స్ రాజకీయ నాయకురాలు ఆన్ ఇదాల్గో పుట్టింది స్పెయిన్‌లో. ఫ్రెంచిలోనూ హకారం పలకరు కాబట్టి ఆమె పేరును హిడాల్గో అని రాయడానికి ఏ భాష వైపు నుంచీ ఆధారం లేదు.

తెలుగు సమానార్థకం కావాలంటే దేన్ని ఎన్నుకోవాలి? జమీందారు పూర్తిగా ఎదురు: అతను పన్ను వసూలు చేసేవాడు, ఇదాల్గో వసూలుదారు దాటి వెళ్ళే ఇంటివాడు. దొర అంటే ఊరి మీద పెత్తనం, అది ఇదాల్గోకు లేదు. కులీనుడు తప్పు కాదు, కానీ డ్యూకు నుంచి ఇదాల్గో దాకా అందరూ అందులో ఇముడుతారు. పెద్దమనిషి అంటే నడవడిక, చట్టం కాదు. పన్ను మినహాయింపు అనగానే మనకు తట్టేవి మాన్యం, ఇనాం. అక్కడ మినహాయింపు భూమికి. ఇదాల్గో విషయంలో మినహాయింపు నెత్తుటికి, గుంట భూమి లేకపోయినా ఉంటుంది. కాబట్టి ఒక్క మాటలో సమానం వెతకడం కన్నా, మొదటిసారి వచ్చినప్పుడు 'పుట్టుకతోనే పన్ను కట్టనక్కరలేని చిన్న వంశంవాడు' అని ఒక వాక్యంలో చెప్పి, ఆ తర్వాత ఇదాల్గో అనే వాడుకోవడం మంచిది. పేదరికం సంగతి కథే చెప్పుకుంటుంది.

పాత పత్రాల్లో ఈ మాట కోసం వెతికేవాళ్ళకు ఒక జాగ్రత్త. స్పెయిన్ ప్రభుత్వ దస్తావేజుల వెతుకుపెట్టెలో ఇదాల్గో అనే ఒక్క వర్ణక్రమమే ఇస్తే చాలా భాగం కనబడకుండా పోతుంది. హకారంతో ఇహోదాల్గో, ఫకారంతో ఫిజోదాల్గో, జకారం బదులు ఎక్స్ అక్షరంతో రాసినవి, బహువచనంలో ఇహోస్‌దాల్గో, స్త్రీకి ఇహాదాల్గో ఇవన్నీ విడివిడిగా కొట్టాలి. ఆ రోజుల్లో బహువచనం మాట చివర కాక మధ్యలో, కొడుకు అనే భాగానికి చేరేది: 'కొడుకులు-కలిమి-యొక్క' అన్నట్టు. అరగోన్, నవార్రా పత్రాల్లో అయితే ఇదాల్గో తక్కువ, అక్కడ ఆ మనిషి పేరు 'ఇన్‌ఫన్సోన్'. కతలూన్యాలో 'దొన్సెల్య్'. వయ్యదొలిద్ దస్తావేజుల్లో వ్యాజ్యం ఒక చోట, తీర్పు పత్రం నకలు ఇంకో వరుసలో ఉంటాయి. తీర్పు దొరికిందని ఆగిపోతే సాక్షుల మాటలు తప్పిపోతాయి. ఆ ముసలి పెచేరోలు తమ ఊరి గురించి, ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరి పళ్ళెం ఎవరు పట్టుకుపోయారో చెప్పింది అందులోనే ఉంది.